ఆర్కిటెక్చర్‌లో డిగ్రీ, ఎం.ఆర్క్‌లను కలిపి త్వరగా పూర్తిచేయడం ఎలా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎంపీసీ చదువుతూ ఆర్కిటెక్చర్‌పై మనసుపెట్టిన విద్యార్థి ముందుగా ఒక తేడా గ్రహించాలి. మన దేశంలో బి.ఆర్క్‌ 5 ఏళ్లు, ఎం.ఆర్క్‌ మరో 2 ఏళ్లు. కానీ వృత్తి చేపట్టడానికి బి.ఆర్క్‌తో పాటు 1972 నాటి ఆర్కిటెక్ట్స్‌ చట్టం కింద కౌన్సిల్‌ ఆఫ్‌ ఆర్కిటెక్చర్‌లో నమోదు ఉంటే చాలు కనుక, ఇక్కడ ఎం.ఆర్క్‌కు తొందర అక్కరలేదు.

అమెరికాలో లెక్క వేరు. అక్కడి 4 ఏళ్ల బి.ఎస్‌. (బ్యాచిలర్‌ ఆఫ్‌ సైన్స్‌) వృత్తి డిగ్రీ కాదు, దాని తరువాత నాబ్‌ (NAAB, అక్కడ ఆర్కిటెక్చర్‌ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న ఎం.ఆర్క్‌ చేయాలి. ఈ రెండింటినీ కలిపి చదివే త్వరిత మార్గంలో, బి.ఎస్‌. చివరి ఏడాది చదివే కొన్ని పీజీ కోర్సులను రెండు డిగ్రీలకూ జమకట్టడం వల్ల కాలం తగ్గుతుంది. ఏ కోర్సులు జమపడతాయో, ఎంత జీపీఏ (సగటు గ్రేడు) ఉండాలో, పీజీలోకి మారాక ఫీజు, స్కాలర్‌షిప్‌ ఏమవుతాయో చేరకముందే రాతపూర్వకంగా అడగాలి. డిగ్రీ స్థాయి మారినప్పుడు విద్యార్థి వీసాకు ఆధారంగా విద్యాసంస్థ ఇచ్చే ఐ-20 పత్రం కూడా మార్పించుకోవాలి.

ప్రవేశానికి పంపే పోర్ట్‌ఫోలియోకు (మీ సొంత డ్రాయింగుల సంపుటికి) ఇంటర్నెట్‌లో దొరికే గాజు మేడల బొమ్మలు ఎందుకు? తీరంలోని ఒక చుట్టిల్లును టేపుతో కొలిచి, గోడ మందం, చూరు ఎత్తు, వాసాల అమరిక చూపుతూ 1:50 స్కేలులో ప్లాను, సెక్షను (నిలువుకోత చిత్రం) గీయండి; గాలివానకు ఆ గుండ్రటి గోడ ఎలా తట్టుకుంటుందో పక్కనే రాయండి.

తిరిగివచ్చి ఇక్కడే పనిచేయాలనుకుంటే, ఆ విదేశీ డిగ్రీకి కౌన్సిల్‌ ఆఫ్‌ ఆర్కిటెక్చర్‌ నమోదు వర్తిస్తుందో లేదో ఫీజు కట్టకముందే తేల్చుకోవాలి.