తొలినాటి అమెరికా వెండి అర డాలరు: అరగని, తోమని నాణెం ఎంచుకోవడం ఎలా?

1794 నాటి అమెరికా వెండి డాలర్లు 1,758 మాత్రమే వెలువడ్డాయి. 1796, 1797 అర డాలర్లు రెండేళ్లవీ కలిపినా నాలుగు వేల లోపే. అలాంటి వాటితో సేకరణ మొదలుపెట్టడం కోటీశ్వరులకే చెల్లు. మామూలు సేకర్తకు 1807 నుంచి 1836 దాకా వచ్చిన క్యాప్డ్ బస్ట్ (టోపీ పెట్టుకున్న స్వేచ్ఛాదేవి లిబర్టీ బొమ్మ ఉన్న) అర డాలర్లు అందుబాటులో ఉంటాయి. బ్యాంకులు వీటిని నిల్వ సొమ్ముగా దాచుకోవడంతో ఎన్నో నాణేలు పెద్దగా చేతులు మారకుండా, అరక్కుండా మిగిలాయి. 1827లోనే 50 లక్షలకు పైగా ముద్రించారు. 1815 నాణేన్ని మాత్రం ఇప్పట్లో ముట్టుకోవద్దు. అది అరుదు, ధర కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది.

ముందు తూకం. 0.01 గ్రాము చూపే చిన్న త్రాసు, పదింతలు చూపే భూతద్దం చాలు. కొత్తలో నాణెం బరువు 13.48 గ్రాములు, వెండి 89.24 శాతం. అరిగితే కాస్త తగ్గుతుంది కానీ సాంద్రత మారదు. త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నాకు తెచ్చి, నాణేన్ని సన్నని దారంతో అడుగుకు, పక్కలకు తగలకుండా ముంచండి. అసలుదైతే 1.31 గ్రాముల దగ్గర చూపుతుంది. బాగా ఎక్కువ చూపితే వెండి తక్కువున్న లోహమే. నాణేనికి గాలి బుడగలు అంటుకున్నా అంకె పెరుగుతుంది, కాబట్టి ఒకసారి కదిపి మళ్లీ చూడండి.

తర్వాత అంచు. దాని చుట్టూ "ఫిఫ్టీ సెంట్స్ ఆర్ హాఫ్ ఎ డాలర్" అని ఇంగ్లిష్ అక్షరాలుండాలి. బొమ్మా బొరుసూ కొట్టకముందే, బిళ్లను రెండు పట్టీల మధ్య దొర్లించి ఆ అక్షరాలు దించేవారు. పట్టు జారితే అవి ఒకదానిమీదొకటి పడతాయి, అది దోషం కాదు. గీతల అంచు 1836లో ఆవిరి యంత్రంతోనే వచ్చింది. 1836కు ముందటి ఏ సంవత్సరమైనా వేసి గీతల అంచు ఉంటే నకిలీ. నగకు అతికించిన టంకం మచ్చ, ఆకురాయి గీత కూడా అంచు మీదే దొరుకుతాయి.

కొత్తవాళ్లు డబ్బు పోగొట్టుకునేది అరుగుదల అంచనాలో. లిబర్టీ భుజం మీది పిన్ను, వెనక గద్ద పైనున్న లాటిన్ నినాదం రెండూ ఎదురెదురుగా పడతాయి. దెబ్బ బలంగా పడకపోతే అక్కడ లోహం అచ్చులోకి పూర్తిగా ఎక్కక, అరగని నాణెం కూడా చదునుగా కనిపిస్తుంది. ఒకే దీపం కింద నెమ్మదిగా వంచి చూడండి. చదునైన చోట కూడా మెరుపు చక్రంలా తిరిగితే అది అచ్చు లోపం, మెరుపు చచ్చి బూడిద రంగులో ఉంటే అరుగుదల. అన్నీ ఒకే దిక్కుగా పోయే సన్నని గీతలు కనిపిస్తే ఎవరో తోమారన్నమాట. నాణెం స్థితికి అంకె ఇచ్చే 70 పాయింట్ల కొలమానంలో ఎక్కువ అంకె ఉన్న తోమిన నాణెం కంటే, సహజంగా రంగు తిరిగిన 40, 45 స్థాయి నాణెమే మేలు.

చింతపండు, విభూతి, టూత్‌పేస్ట్ దగ్గరికి రానీయకండి. వెండి గిన్నెకు మంచివే, నాణెం పై పొరను మాత్రం లేపేస్తాయి, అది తిరిగి రాదు. పీవీసీ కవరు వల్ల ఆకుపచ్చ జిగురు పడితే, గాజు గిన్నెలో స్వచ్ఛమైన అసిటోన్ పోసి, నిప్పుకు దూరంగా, గాలి ఆడేచోట కాసేపు నానబెట్టండి. రుద్దవద్దు. ఆరాక పీవీసీ లేని మైలార్ ప్లాస్టిక్ కవరులో పెట్టి, డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేయండి.