మిర్చి సీజన్‌కు ముందు కాటా కింద చూసుకోవలసినవి

ఫిబ్రవరి వచ్చిందంటే గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు (బస్తాలు) బారులు తీరుతాయి. ఆ రద్దీలో కాటా ఆపి మరమ్మతు చేయడం సాధ్యపడదు కనుక, ప్లాట్‌ఫారం కాటాలున్న గోదాముల వారు జనవరిలోనే ఈ తనిఖీ పూర్తి చేసుకోవాలి. ప్లేటు కింద నాలుగు మూలల్లో, బరువును విద్యుత్ సంకేతంగా మార్చే లోడ్ సెల్స్ ఉంటాయి. అవి జంక్షన్ బాక్సులో (తీగలన్నీ కలిసే పెట్టెలో) సమాంతరంగా కలిసి, బరువు చూపే ఇండికేటర్‌కు తమ సగటు సంకేతాన్నే పంపుతాయి. అందువల్ల ఒక మూల తేడా చేసినా తెరపై అంకె నిలకడగానే నిలబడుతుంది.

ఒక గోదాములో 50 కిలోల ముద్ర రాయిని మధ్యలో పెడితే సరిగ్గా 50 చూపిన కాటా, మూలలకు జరిపితే మూడు చోట్ల 50.2, నాలుగో చోట 49.4 చూపింది. ప్లేటు ఎత్తి చూస్తే ఆ మూల సెల్ పక్కన తొడిమలు, ఎర్రటి దుమ్ము గట్టిగా కూరుకుపోయి, బరువులో కొంత సెల్‌ను చేరకుండానే చట్రంలోకి దిగిపోతున్నది. శుభ్రం చేయగానే నాలుగు మూలలూ 50.2 చూపాయి, అంటే అంతకుముందు చేసిన కాలిబ్రేషన్ (ముద్ర రాయితో అంకె సరిచేయడం) చెత్తతో సహా చేసినదే. ఆ మూలన దించిన ప్రతి టిక్కీకీ రైతు దాదాపు అర కిలో నష్టపోయాడు. కాబట్టి మొదట శుభ్రం చేయాలి, తరువాతే మూలలు పరీక్షించాలి.

నాలుగు కాళ్లూ నేలకు సమానంగా ఆనాలి. ఒకటి తేలితే బరువంతా ఎదురెదురు మూలల్లోని రెండు సెల్స్ మీదే పడుతుంది. ఖాళీ కాటా మీద ఒక్కో సెల్‌ను విడదీసి మిల్లీవోల్టులు కొలిస్తే ఏ కాలు తేలిందో తెలిసిపోతుంది. ఆ తరువాతా మూలల మధ్య తేడా ఉంటే, అన్నిటికన్నా తక్కువ చూపే మూలను ఆధారంగా ఉంచుకొని మిగిలిన మూడింటిని జంక్షన్ బాక్సులో తగ్గించాలి, ఎందుకంటే అక్కడి ట్రిమ్మింగ్ (ఒక్కో సెల్ సంకేతాన్ని సరిచేసే ఏర్పాటు) సంకేతాన్ని తగ్గించగలదే గాని పెంచలేదు.

సెల్ మార్చవలసి వస్తే అదే సామర్థ్యం, అదే మిల్లీవోల్ట్ రేటింగ్ ఉన్నదే తీసుకోవాలి. టన్ను కాటాకు 250 కిలోల సెల్స్ నాలుగు చాలవు. ప్లేటు సొంత బరువు, టిక్కీలు ఒకే మూలన పడే అదురు కలుపుకొని నాలుగూ 500 కిలోలవి వేయడమే క్షేమం.

ప్లాట్‌ఫారం మీద వెల్డింగ్ చేయవలసివస్తే ముందు సెల్స్ తీసివేయించండి. ఆ కరెంటు సెల్ గుండా పోతే అది పనికిరాదు. 500 వోల్టుల మెగ్గర్ (తీగల ఇన్సులేషన్ పరీక్షించే పరికరం) కూడా సెల్ తీగలకు తగలరాదు. సీలు విప్పిన పని ఏదైనా లైసెన్సున్న మరమ్మతుదారుచేతనే చేయించి, తూనికలు, కొలతల శాఖ ముద్ర మళ్లీ వేయించుకున్నాకే తూకం మొదలుపెట్టాలి.