ఎస్ప్రెస్సో రోజుకో రుచి వస్తోందా? కారణం ఎక్కడ వెతకాలి

షాట్ (ఒకసారి దించిన ఎస్ప్రెస్సో) చెడగానే చాలామంది మెషిన్‌ని అనుమానిస్తారు. నేనైతే ముందు కాటా తీయమంటాను. 0.1 గ్రాము తేడా చూపించే డిజిటల్ కాటా మీద బాస్కెట్ (పొడి పట్టే చిల్లుల గిన్నె)‌లో వేసే పొడినీ, కప్పులోకి దిగిన కాఫీనీ తూచండి. 18 గ్రాముల పొడికి 36 గ్రాముల కాఫీ, 25 నుంచి 30 సెకన్లలో దిగాలి. మొదలుపెట్టడానికి ఈ లెక్క చాలు.

15 సెకన్లకే దిగిపోతోంది, పుల్లగా ఉంది
పొడి ముతకగా ఉంది, లేదా గింజలు పాతబడ్డాయి. గ్రైండ్ ఒక్క మెట్టు సన్నం చేయండి. పొడి తూకం మాత్రం కదపొద్దు, రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలీదు. చుక్కచుక్కగా పడి చేదొస్తుంటే దీనికి రివర్స్‌లో వెళ్లండి.

గ్రైండ్ మార్చినా తేడా లేదు
గ్రైండర్ లోపల పాత సెట్టింగ్ పొడి కొంత ఇరుక్కుని ఉంటుంది. కొత్త షాట్‌లో ముందు పడేది అదే. సెట్టింగ్ మార్చిన ప్రతిసారీ రెండు మూడు గ్రాములు ఆడించి పారేయండి. ఇది తెలియక వరసగా మెట్లు మార్చేసుకుంటూ పోతే గింజలన్నీ వృథా. మీది డబుల్ వాల్ బాస్కెట్ (రెండు పొరల అడుగుండి, కింద ఒకే సన్నటి చిల్లులోంచి కాఫీ దిగేది) అయితే గ్రైండ్ తేడా పెద్దగా బయటపడదు. సింగిల్ వాల్‌కి మారితేనే ఈ కష్టానికి ఫలితం.

అదే తూకం, అదే గ్రైండ్, కానీ ఒకసారి 20 సెకన్లు, ఇంకోసారి 35
ఇళ్లలో ఎక్కువగా వేధించేది ఇదే. నీళ్లు పొడి అంతటా సమానంగా దిగకుండా బలహీనంగా ఉన్నచోట దారి చేసుకుంటాయి. అడుగు లేని పోర్టాఫిల్టర్ (బాస్కెట్ బిగించే పిడి)‌లో ఇది కళ్లారా కనిపిస్తుంది: ఒక పక్క నల్లగా చిక్కగా దిగుతుంటే, ఇంకో పక్కనుంచి సన్నటి తెల్లటి ధార పక్కకి చిమ్ముతుంది. ఒక్కోసారి వాడేసిన పొడి బిళ్లలో సూదితో పొడిచినట్టు చిల్లు కూడా ఉంటుంది.

సన్నటి సూదులతో పొడిని అడుగు నుంచి పైదాకా కలిపి, ఉండలు విడగొట్టి, సమంగా పరచండి. తర్వాత టాంపర్ (పొడిని నొక్కే పనిముట్టు) తీసుకుని నిటారుగా నొక్కండి. ఎంత బలంగా నొక్కారన్నదానికంటే వంకర లేకపోవడం ముఖ్యం. నొక్కాక పోర్టాఫిల్టర్ పక్కన టాంపర్‌తో కొట్టే అలవాటుంటే ఇవాళే మానేయండి, అంచుల దగ్గర పగులు వస్తుంది.

పొద్దున మొదటి కప్పు పులుపు, రెండోది బాగుంది
రెడీ లైట్ వెలిగితే బాయిలర్ వేడెక్కినట్టే, పోర్టాఫిల్టర్ కాదు. దాన్ని తగిలించే ఉంచి 20 నిమిషాలు ఆగండి. చిన్న మెషిన్లకైతే ఖాళీ బాస్కెట్‌తో రెండుసార్లు వేడినీళ్లు వదిలితే సరిపోతుంది. పాలు స్టీమ్ చేసిన వెంటనే తీసిన షాట్ చేదొస్తే సమస్య దీనికి వ్యతిరేకం. బుసలు ఆగేదాకా నీళ్లు వదలండి.

ప్యాకెట్ తెరిచిన వారానికి షాట్ దిగే వేగం పెరిగింది
గింజల్లోని గ్యాస్ పోతోంది, అంతే. టెన్షన్ వద్దు, కొంచెం సన్నగా ఆడించండి. నెలకు సరిపడా కొనేవాళ్లు ఒక్కో వారానికి కావలసినంత గాలి చొరని డబ్బాల్లో పోసి ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు. డబ్బా బయటి వేడికి వచ్చాకే మూత తీయాలి.