తక్కువ ఖర్చులో, ఎక్కువ కాలం నిలిచే వంటింటి కప్‌బోర్డులు చేయించుకోవడం ఎలా?

వంటిల్లు చేయించిన రెండో వానాకాలంలో మా సింకు కింద తలుపు సరిగ్గా పడటం మానేసింది. కింది పలక అంచును వేలితో నొక్కి చూస్తే నానిన అటుకుల్లా చేతికి ఊడొచ్చింది. పైన తళతళలాడే సన్‌మైకా, లోపల పొట్టు అదిమి చేసిన పార్టికల్ బోర్డు. అదే వంటింట్లో, అదే సరుకుతో చేసిన పై అరలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి.

ఆ సింకు కింద భాగం మళ్ళీ చేయించినప్పుడు నాకు తెలిసొచ్చిందేమిటంటే, వంటింటి కప్‌బోర్డులు పాడయ్యేది వయసుతో కాదు, నీళ్ళతో. ఆ నీళ్ళు కూడా వంటిల్లంతా ఉండవు. సింకు కింద, దాని పక్క గడి, నేల తుడిచే నీళ్ళు తగిలే అడుగు భాగం, అంతే. ఖర్చంతా అక్కడ పెట్టి, పొడిగా ఉండే చోట పొదుపు చేస్తే మధ్యతరగతి బడ్జెట్‌లోనే గట్టి వంటిల్లు వస్తుంది.

ముందు ఉన్నదేమిటో చూసుకోండి

హైదరాబాద్ ఫ్లాట్లలో చాలావాటికి బిల్డరే గ్రానైట్ గట్టు, సింకు పెట్టి ఇస్తాడు. పాత అపార్ట్‌మెంట్లలో, సొంత ఇళ్ళలో గట్టు కింద కడప బండలతో అరలు కూడా కట్టి ఉంటాయి. ఆ బండలు ఉంటే మీరు సగం ఖర్చు తప్పించుకున్నట్టే. వాటిని పగలగొట్టి లోపల కొత్తగా చెక్క డబ్బాలు పెడదామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. రాయి ఉబ్బదు, చెదలు పట్టదు, పాతిక కిలోల బియ్యం బస్తా పెట్టినా వంగదు. ముందువైపు ఫ్రేము కట్టించి తలుపులు బిగిస్తే చాలు. బండ అంచులు వంకరగా ఉంటాయి కాబట్టి ఫ్రేముకీ రాయికీ మధ్య సందులు పూర్తిగా పూడ్చమని చెప్పండి. బొద్దింకల కాపురం ఆ సందుల్లోనే.

అద్దె ఇల్లయినా, చేతిలో డబ్బు మరీ తక్కువైనా గట్టు కింద అల్యూమినియం సెక్షన్ తలుపులు వేయించుకోండి. చూడటానికి సాదాగా ఉంటాయి గానీ నీళ్ళకూ చెదలకూ లొంగవు. కింద అల్యూమినియం, పైన ప్లైవుడ్ కలిపి చేయించుకున్న వాళ్ళు మా కాలనీలోనే ఉన్నారు.

సామాను బయట పెట్టి కొలవండి

డిజైన్ బొమ్మలు చూడకముందు ఒక ఆదివారం వంటింటి సామానంతా హాల్లో పరవండి. ఐదు లీటర్ల కుక్కరు, ఇడ్లీ పాత్ర, గ్రైండరు, ఆవకాయ జాడీలు, పండగలకు మాత్రమే దించే పెద్ద గిన్నెలు అన్నీ. ఎత్తయినవి, బరువైనవి, రోజూ వాడేవి విడివిడిగా పెట్టి టేపుతో కొలవండి. ఈ పని చేయకుండా డ్రాయర్లు చేయించినందుకే మా జాడీలు ఇప్పటికీ గట్టు మీదే ఉన్నాయి.

గట్టు ఎత్తు మామూలుగా 34 అంగుళాలు ఉంటుంది. కొత్తగా కట్టించుకునేట్టయితే వంట చేసే మనిషిని నిలబెట్టి మోచేయి వంచమనండి. మోచేతికి నాలుగు నుంచి ఆరు అంగుళాల కింద గట్టు ఉంటే భుజాలు నొప్పి పుట్టవు. గట్టు లోతు రెండడుగులు. పై అరల లోతు 12, 13 అంగుళాలు దాటనివ్వకండి, తల కొట్టుకుంటుంది. గట్టు నుంచి పై అర అడుగుకు 20 నుంచి 24 అంగుళాలు వదలాలి. మిక్సీ మీద పెద్ద జార్ పెట్టి, మూత తీసి చూసుకుంటే ఎంత కావాలో తెలిసిపోతుంది. గోడ మీద సుద్దతో గీసి, ఆ గీతల మధ్య రెండు రోజులు వంట చేసి చూడండి.

ఎక్కడ ఏ చెక్క?

ప్లైవుడ్ కొట్టులో ముఖ్యంగా మూడు మాటలు వినిపిస్తాయి. ఎంఆర్ (మాయిశ్చర్ రెసిస్టెంట్) అంటే మామూలు కమర్షియల్ ప్లై, గాలిలో తేమను తట్టుకుంటుంది, అంతే. బీడబ్ల్యూఆర్ (బాయిలింగ్ వాటర్ రెసిస్టెంట్) దానికంటే గట్టిది. ఈ రెండూ ఐఎస్ 303 ప్రమాణం కిందికి వస్తాయి. ఐఎస్ 710 మెరైన్ ప్లై. మేస్త్రీలు ‘సెవెన్ టెన్’ అంటారు. వీటి మధ్య తేడా జిగురులో ఉంది. పరీక్షలో 710 ప్లైని 72 గంటలు మరిగే నీళ్ళలో ఉంచినా పొరలు విడిపోకూడదు. బీడబ్ల్యూఆర్‌కు మధ్యలో ఆరబెడుతూ ఎనిమిదేసి గంటలు మూడుసార్లు. ఎంఆర్‌కు అలాగే మూడుసార్లు గానీ, 60 డిగ్రీల వేడి నీళ్ళలో మూడేసి గంటలే. ఎంఆర్‌ను వంటింట్లోకి రానివ్వకపోవడమే మంచిది.

నా లెక్క ఇది. సింకు కింద గడికీ దాని పక్క గడికీ 710, లేదా చెక్క పొడి, ప్లాస్టిక్ కలిపి చేసే డబ్ల్యూపీసీ బోర్డు. అడుగున నేల దగ్గర సందు మూసే స్కర్టింగ్ పట్టీకి పీవీసీ. గట్టు కింద మిగతా గడులకు బీడబ్ల్యూఆర్ సరిపోతుంది. పై అరలకు బీడబ్ల్యూఆర్ గానీ హెచ్‌డీహెచ్‌ఎంఆర్ (చెక్క నారను గట్టిగా అదిమి చేసిన, తేమను తట్టుకునే బోర్డు) గానీ వాడొచ్చు. తలుపులకైతే హెచ్‌డీహెచ్‌ఎంఆరే నాకిష్టం. ప్లైతో చేసిన పొడుగు తలుపులు ఒక్కోసారి విల్లులా వంగుతాయి. డబ్ల్యూపీసీ నీళ్ళకు చెక్కుచెదరదు గానీ స్క్రూ పట్టు తక్కువ, పొడవాటి అరగా వేస్తే బరువుకు మధ్యలో కిందికి వంగుతుంది, పొయ్యి వేడి దగ్గర పనికిరాదు. అందుకే ఇల్లంతా డబ్ల్యూపీసీ వేయిద్దామంటే నేను వద్దంటాను.

కప్‌బోర్డు డబ్బాలకు 18 మి.మీ. మందం ఉండాలి. వెనక పలకకు 6 మి.మీ. చాలు. తలుపుల బయటివైపు 1 మి.మీ. లామినేట్ (సన్‌మైకా) వేయించి, లోపలివైపు పలచటిది వేసినా ఫర్వాలేదు, ఏదో ఒకటి మాత్రం ఉండాలి. ఒకవైపే అంటిస్తే తలుపు మెలి తిరుగుతుంది. మెరిసే అక్రిలిక్ మీద పెట్టే డబ్బును కబ్జాల మీద పెట్టండి.

కొట్లో పరీక్షలు

రాణీగంజ్‌లోనో గోషామహల్‌లోనో నాలుగు కొట్లు తిరిగితే ధరల సంగతి మీకే తెలుస్తుంది. షీటు 8 అడుగులు, 4 అడుగులు, అంటే 32 చదరపు అడుగులు. ధరను చదరపు అడుక్కి చెబుతారు. షీటు మీద ఐఎస్‌ఐ ముద్ర కింద సీఎం/ఎల్‌తో మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటుంది. దాన్ని ఫోన్లో బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. కంపెనీ పేరు సరిపోకపోతే ఆ కొట్టు నుంచి వచ్చేయండి. తర్వాత షీటు అంచును దగ్గరగా చూడండి, పొరల మధ్య బొక్కలు కనిపించకూడదు. వేళ్ళ కణుపులతో అక్కడక్కడా తట్టండి, బోలుగా మోగితే లోపల ఖాళీ ఉన్నట్టు. షీటును నిలబెట్టి అంచు వెంబడి ఒక కన్నుతో చూస్తే వంపు తెలిసిపోతుంది.

అనుమానం తీరకపోతే చిన్న ముక్క అడిగి తెచ్చుకుని, మళ్ళీ వంటకు వాడని పాత గిన్నెలో మూడు గంటలు మరిగించండి. నాసిరకమైతే పొరలు విస్తరాకుల్లా విడిపోతాయి.

అంచులే ప్రాణం

రెండోసారి పని చేసిన కార్పెంటర్ అన్న నా చేత ఆ పాత పలకను పట్టించి చూపించాడు. పైభాగం, అడుగుభాగం గట్టిగానే ఉన్నాయి. ఉబ్బిందల్లా పైపు కోసం కోసిన గుండ్రటి రంధ్రం చుట్టూ, గోడవైపు అంచు పొడుగునా. ఆ రెండు చోట్లా ఏమీ అంటించలేదు. “అక్కా, కోసిన అంచు ముయ్యకపోతే సెవెన్ టెన్ అయినా నీళ్ళు తాగుతది. కనబడేకాడ అందరు చేస్తరు, కనబడనికాడ చేసినోడే మేస్త్రి” అన్నాడు.

అందుకే మేస్త్రీతో మొదటి రోజే తేల్చుకోండి. ప్రతి పలక నాలుగు అంచులకూ, గోడవైపువాటితో సహా, పీవీసీ ఎడ్జ్ బ్యాండ్ (అంచు మూసే పట్టీ) వేయాలి. మిషన్ మీద వేడిగా అంటించింది చేత్తో అంటించినదానికన్నా బాగా పట్టుకుంటుంది. పైపు రంధ్రాలకు లోపల జిగురు పూసి ఆరనిచ్చి, పైపు బిగించాక చుట్టూ సిలికాన్ పెట్టాలి. డబ్బాలు నేలకు ఆనకుండా నాలుగంగుళాల ప్లాస్టిక్ కాళ్ళ మీద నిలబెట్టాలి. గోడ అవతల బాత్రూం ఉంటే ముందు ఆ చెమ్మ సంగతి చూడండి. తడి గోడకు ఆనించిన చెక్కకు చెదలు పట్టడం ఖాయం.

కబ్జాలు, చానళ్ళు

రోజూ తిరిగేవి ఇవే, కాబట్టి పేరున్న కంపెనీవే కొనండి. మూడడుగుల లోపు తలుపుకు రెండు కబ్జాలు, అంతకంటే ఎత్తయితే మూడు. సింకు దగ్గర స్టెయిన్‌లెస్ స్టీలువి వేయండి. తీగ బుట్టలు తుప్పును బాగా తట్టుకునే 304 రకం స్టీలేనని బిల్లు మీద రాయించుకోండి. డ్రాయర్లకు ఖర్చెక్కువ, రోజూ చేతికి కావలసినవాటికి రెండో మూడో పెట్టుకుని, మిగతావి మామూలు అరలుగా ఉంచండి. పప్పుల డబ్బాలు పెట్టే డ్రాయర్‌కు, అది జారే చానల్ ఎంత బరువు మోస్తుందో ప్యాకెట్ మీద చూసి కొనండి.

ధర మాట్లాడేటప్పుడు

చదరపు అడుగుకి ఇంత అంటారు. దేన్ని కొలుస్తున్నారని అడగండి. ముందు ముఖం మాత్రమేనా, లోపలి అరలూ పక్క పలకలూ కలిపా? గట్టు కింద పదడుగుల పొడవు, రెండున్నర అడుగుల ఎత్తు అయితే ముఖం 25 చదరపు అడుగులు. పైన పదడుగులు, రెండడుగుల ఎత్తు అయితే 20. మొత్తం 45. లోపలివీ కలిపి లెక్కేస్తే ఇదే వంటిల్లు దానికి రెట్టింపు దాటుతుంది. అందుకే తక్కువ రేటు చెప్పినవాడు చవకని అనుకోకండి. కబ్జాలు, చానళ్ళు, హ్యాండిళ్ళు, 18 శాతం జీఎస్టీ అందులో ఉన్నాయో లేవో కాగితం మీద రాయించండి. డబ్బు విడతలుగా ఇచ్చి, చివరి విడత పని అయిన నెల తర్వాత ఇస్తామని ముందే ఒప్పించండి.

బిగించే రోజు

ముందు గోడ ఏ రకమో తెలుసుకోండి. పాత ఇళ్ళలో ఎర్ర ఇటుక గోడ మామూలు యాంకర్ బోల్టును బాగానే పట్టుకుంటుంది. కొత్త అపార్ట్‌మెంట్ల తేలిక ఏఏసీ బ్లాకు గోడల్లో అవి వదులైపోతాయి. ఆ బ్లాకుల కోసమే చేసిన పొడవాటి నైలాన్ ప్లగ్గులు కావాలి, డ్రిల్లును హ్యామర్ మీద పెట్టకూడదు. మైవాన్ పద్ధతిలో కట్టిన ఫ్లాట్లయితే గోడంతా కాంక్రీటే, అందులోనే కరెంటు గొట్టాలుంటాయి. బిల్డర్ దగ్గర వైరింగ్ డ్రాయింగ్ తీసుకోండి. ఏ గోడయినా స్విచ్ బోర్డుకు నిలువునా, అడ్డంగా వచ్చే దారిలో రంధ్రం వేయనివ్వకండి. టైలు మీద ముందు పేపర్ టేపు అంటించి, టైలు దాటేవరకు హ్యామర్ లేకుండా తిప్పితే పగలదు.

రసమట్టం పెట్టి గోడంతా ఒక గీత గీయించండి. నేల ఎత్తుపల్లాలను నమ్మి కొలిస్తే తలుపులన్నీ వంకరే. పై అరలు ముందు, కింది గడులు తర్వాత. పై డబ్బా బరువును పల్చటి వెనక పలక మీద వేలాడదీయకూడదు. లోపల పైన 18 మి.మీ. పట్టీ వేసి, స్క్రూలు దానిలోంచి గోడలోకి వెళ్ళాలి. ప్లేట్లు, స్టీలు డబ్బాలు నింపాక ఊడిపడే అరలు చాలావరకు ఇక్కడ కక్కుర్తి పడినవే. పక్కపక్క డబ్బాలను ఒకదానికొకటి స్క్రూలతో కలిపాకే గట్టిగా బిగించాలి. ప్రతి డబ్బాకూ మూల నుంచి మూలకు రెండువైపులా కొలిస్తే రెండు కొలతలూ సమానం కావాలి. తలుపులు చివర్లో. సందులు తేడాగా ఉంటే కబ్జా మీది స్క్రూలతో పక్కకూ, లోపలికీ, పైకీ సరిచేయొచ్చు.

గ్యాస్ సిలిండర్ ఉన్న గడిని మాత్రం బిగుతుగా మూయకండి. ఎల్‌పీజీ గాలికన్నా బరువైనది, కారితే అడుగున పేరుకుంటుంది. తలుపు కిందా పైనా గాలి రంధ్రాలు ఉండాలి. ఆరంజి సురక్ష పైపు కనబడేలా, ఐదేళ్ళకోసారి మార్చడానికి చెయ్యి పట్టేలా ఉండాలి.

మేస్త్రీ సామాను సర్దుకోకముందే సింకును అంచుదాకా నింపండి. కింద గడిలో పాత దినపత్రిక పరిచి, ఒక్కసారిగా నీళ్ళు వదలండి. కాగితం మీద ఒక్క చుక్క పడినా ఎక్కడో తెలిసిపోతుంది. అక్కడ సరిచేయించి, కొత్త కాగితం పరిచి మళ్ళీ వదలండి. అది పొడిగా ఉన్నాకే సామాను లోపల పెట్టుకోండి.