మనసు బరువెక్కినప్పుడు విలాప కీర్తనతో ప్రార్థించడం ఎలా?

కావలసినవి: తెలుగు బైబిలు, నోటుపుస్తకం, కలం, అరగంట సమయం. బైబిలు అచ్చుపుస్తకమే కావాలి. ఫోనులో చదవబోతే ఆఫీసు గ్రూపులో ఏదో ఒక సందేశం రానే వస్తుంది, ప్రార్థన అక్కడితో సరి. బెంగళూరు పీజీల్లో ఏకాంతం దొరకదు కాబట్టి మేడ మీదికి వెళ్లండి. తెల్లవారుజామునే వెళ్లాలి. సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటి వచ్చిన రాత్రి చేసేది ప్రార్థన కాదు, కునికిపాటు.

కీర్తనల గ్రంథంలో 13వ కీర్తన తీయండి. దేవుని ముందు దుఃఖం వెళ్లబోసుకునే విలాప కీర్తన ఇది. ఆరు వచనాలే. పైకి వినబడేలా రెండుసార్లు చదవండి. మొదటి రెండు వచనాలు ఫిర్యాదు, తర్వాతి రెండు వేడుకోలు, చివరి రెండు నమ్మకం.

ఇప్పుడు మీ ఫిర్యాదును మీ మాటల్లో రాయాలి. అందరూ చెడగొట్టేది ఇక్కడే. సంఘంలో పెరిగినవారికి దేవుణ్ణి నిలదీయాలంటే చేయి ఆడదు. 'ఉద్యోగం పోయింది ప్రభువా, నీకు స్తోత్రం' అని ఒక్క గుక్కలో తేల్చేస్తారు. స్తోత్రానికి తొందరపడకండి, దాని వంతు అయిదో వచనంలో వస్తుంది. మొదటి రెండు వచనాల్లో కీర్తన రాసిన దావీదు 'ఎన్నాళ్లు, ఎంతవరకు' అని అడుగుతూనే ఉన్నాడు. ఇది అవిశ్వాసం కాదు. నమ్మనివాడు దేవుణ్ణి అడగనే అడగడు.

'మనశ్శాంతి లేదు' అని రాస్తే చాలదు. 'రెండు నెలల అద్దె బాకీ ఉంది, అమ్మకు మాత్రం అంతా బాగుందని చెప్పాను' అని రాయండి. ఇంకో ప్రమాదం ఉంది. కలం పట్టగానే కొందరు కష్టమంతా తమ పాపఫలమేనని తమను తాము తిట్టుకోవడం మొదలుపెడతారు. 13వ కీర్తనలో పాపపు ఒప్పుకోలు ఒక్కటీ లేదు, వెతికి చూడండి. దానికి 51వ కీర్తన వేరే ఉంది, ఇంకో రోజు తీయవచ్చు.

వేడుకోలు సులువు, ఏం కావాలో అడగండి. నమ్మకం దగ్గరకు వచ్చాక మనసు కదలకపోతే అక్కడే ఆపేయండి, నటించవద్దు. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది. అయినా అది బైబిలులోనే ఉంది.

కుంగిపోయినవారిని ఉపవాసం ఉండమనే సలహా నాకు బొత్తిగా గిట్టదు. చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తకు దేవదూత ప్రసంగం చేయలేదు. రెండుసార్లు తట్టి లేపి, తినమన్నాడు. కాబట్టి ఆమెన్ అనగానే టిఫిను తినండి. మాత్రలు వాడేవారు డాక్టరును అడగకుండా మానకండి. ఆ రోజే నమ్మకమైన ఒకరికి మీ స్థితి చెప్పండి. గెత్సేమనే తోటలో యేసు కూడా తన దుఃఖాన్ని ముగ్గురు శిష్యులకు చెప్పుకున్నాడు.

వారాల తరబడి నిద్ర పట్టకపోతే డాక్టరు దగ్గరకు వెళ్లండి, మానసిక వైద్యానికి పేరుపడ్డ నిమ్హాన్స్ ఆసుపత్రి ఈ ఊళ్లోనే హోసూరు రోడ్డులో ఉంది. చచ్చిపోవాలనిపిస్తే తెల్లవారేదాకా ఆగకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోను చేయండి. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనూ మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు.