డాబా మీది వాననీళ్లు సంపులోకి పట్టాలంటే

వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఒక సెంటీమీటరు వాన పడితే సుమారు 930 లీటర్లు. శ్లాబు పీల్చేది, మొదట వదిలేసేది పోను 700 దక్కినా మంచిదే. ఉప్పు బోరు నీళ్లలో ఎంతకీ మెత్తబడని కందిపప్పు ఈ నీళ్లలో ఇట్టే ఉడుకుతుంది.

చాలా ఇళ్లలో పని చెడేది తొలి నీళ్ల దగ్గరే. పేరుకున్న దుమ్ము, పావురాల రెట్ట మొదటి రెండు మిల్లీమీటర్ల వానతో కొట్టుకొస్తాయి. అంటే దాదాపు 185 లీటర్లు. వాటిని ఆపడానికని గోడకు మూడడుగుల గొట్టం నిలబెట్టి అడుగున మూత బిగిస్తుంటారు. నాలుగంగుళాల గొట్టంలో మీటరుకు పట్టేది ఎనిమిది లీటర్లే!

దానికి బదులు ఇలా చేయండి. తూముకు జాలీ పెట్టి నాలుగంగుళాల పీవీసీ గొట్టం దించండి. నేలకు నాలుగడుగుల ఎత్తున టీ (మూడు దారుల జాయింటు) వేసి, పక్కదారిని ఫిల్టరు డ్రమ్ముకు, కింది దారిని కాలవకు వదలండి. కింది కొసకు బాల్ వాల్వు పెట్టండి. ఖరీదనిపిస్తే తిప్పి తీసే ఎండ్ క్యాపు చాలు. వాన లేనప్పుడు అది తెరిచే ఉండాలి, లేకపోతే అర్ధరాత్రి వాన మురికితో సహా లోపలికి పోతుంది. గాజు గ్లాసులో పట్టి చూసి, నీళ్లు తేటపడ్డాకే మూయండి. మామూలు వానకు పావుగంట పడుతుంది. రోజూ ముసురుంటే ఐదు నిమిషాలు చాలు.

ఫిల్టరుకు 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము, దాని కింది నుంచి గొట్టం సంపుకు. అడుగున 40 ఎంఎం కంకర 20 సెంటీమీటర్లు, దానిపై 20 ఎంఎం కంకర 15, పైన నైలాన్ జాలీ పరిచి దొడ్డు ఇసుక 25. మిగతాది ఖాళీ. కంకర, ఇసుక తేట నీళ్లు వచ్చేదాకా కడిగాకే పోయాలి. సన్న ఇసుక వద్దు, రెండు వానలకే బిగుసుకుపోతుంది. గంటకు 5 సెంటీమీటర్ల జడివానలో నిమిషానికి 77 లీటర్లు దిగుతాయి. అంత నీటిని ఏ ఇసుకా వడకట్టలేదు. అందుకే డ్రమ్ము పైఅంచు కింద పొంగు గొట్టం పెట్టి ఇంకుడు గుంతకు కలపండి. గుంత పునాదికీ సెప్టిక్ ట్యాంకుకూ పదడుగులైనా దూరంగా ఉండాలి. నల్లరేగడి నేలలో నీళ్లు ఇంకవు, అక్కడ కాలవకే వదలండి.

సంపులో వెలుతురు పడితే పాచి పడుతుంది. మూత బిగువుగా ఉండాలి, గాలి గొట్టానికి దోమతెర కట్టాలి. ఫుట్ వాల్వు (మోటారు నీళ్లు లాగే గొట్టం కొసన ఉండేది) సంపు నేలకు అర అడుగు పైన ఉంటే మడ్డి మోటారులోకి రాదు. వాడకానికి వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల బ్లీచింగ్ పౌడరు మగ్గులో కలిపి, సున్నం పేరుకున్నాక పై తేట మాత్రం పోసి గంట ఆగండి. నీళ్లు మురికిగా ఉంటే బ్లీచింగ్ పనిచేయదు. తాగాలంటే ఆపైన కాచుకోండి.

నీళ్లు ఇసుక మీద నిలిచిపోతుంటే పై రెండంగుళాల ఇసుక తీసి కడిగి మళ్లీ పోస్తే సరి. వానాకాలం అయ్యాక మొత్తం విప్పి ఎండబెట్టండి.