బండి గుద్దిన వీధికుక్క కోలుకునేదాకా ఇరుగుపొరుగు కలిసి ఎలా చూసుకోవాలి?

దెబ్బ తిన్న కుక్కను ఆసుపత్రికి తీసుకెళ్లేవాళ్లు ఎవరో ఒకరు దొరుకుతారు. కష్టమంతా ఆ తర్వాతి వారాల్లోనే. మా వీధిలో మొదటిసారి ఆ భారం ఒక్క ఇంటి మీదే పడింది. వారం తిరక్కుండానే మందులు తప్పాయి, మానుతున్న పుండు తిరగబెట్టింది. రెండోసారి నాలుగిళ్లవాళ్లం పంచుకున్నాం.

1. ముందు కరవకుండా చూసుకోండి. రోజూ మన చేతి అన్నం తినే కుక్కయినా నొప్పిలో కరుస్తుంది. పాత చున్నీని మూతి చుట్టూ తిప్పి, గడ్డం కింద ముడేసి, చెవుల వెనక కట్టండి. రొప్పుతున్నా, వాంతి చేసుకుంటున్నా మూతి కట్టొద్దు. పన్ను దిగినా, గోరు గీరుకున్నా ఆ చోటును 15 నిమిషాలు పారే నీళ్ల కింద సబ్బుతో కడిగి, అదే రోజు టీకాకు వెళ్లండి.

2. కాళ్లు పట్టి ఎత్తకండి. నడుము విరిగి ఉండొచ్చు. గోనెపట్టా మీదికి మెల్లగా జరిపి ఇద్దరు ఎత్తాలి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టుకోండి.

3. సొంత వైద్యం వద్దు. మనం వేసుకునే పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ కుక్క ప్రాణం మీదికి తెస్తాయి. పుండు మీద కిరోసిన్, ఫినాయిల్ పోయడం దాన్ని హింసించడమే. దగ్గర్లోని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. హైదరాబాద్‌లో అయితే బ్లూ క్రాస్ అనే జంతు సంక్షేమ సంస్థ ఉంది.

4. పనులు పంచుకోండి. నేను గట్టిగా చెప్పేది ఇదే. ఉదయం మాత్ర ఎవరు, సాయంత్రం ఎవరు, కట్టు మార్చే ఇద్దరు ఎవరు, ఖర్చు లెక్క ఎవరు రాస్తారు అన్నది మొదటి రోజే తేల్చుకుని వాట్సాప్ గ్రూపులో పెట్టండి. మాత్రను ఉడికించిన గుడ్డులో దాచి పెడితే సులువుగా మింగుతుంది. రోజూ పుండును ఫోటో తీసి గ్రూపులో వేయండి. మానుతోందో లేదో అందరికీ తెలుస్తుంది, డాక్టర్‌కూ చూపించొచ్చు.

ఈగలతో మాత్రం చాలా జాగ్రత్త. అవి గుడ్లు పెడితే ఒక్క రోజులోనే పురుగులు పడతాయి. కుక్క ఒకే చోట అదేపనిగా నాకుతున్నా, దుర్వాసన వచ్చినా, పుండులో చిన్న రంధ్రం కనిపించినా ఆ పూటే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

మెట్ల కింద ఎండ, వాన తగలని చోట గోనెసంచులు పరిచి పడుకోబెట్టండి. ఎముక విరిగితే డాక్టర్ చెప్పినన్నాళ్లు తిరగనివ్వొద్దు. అన్నంలో గుడ్డు, ఎముకల్లేని చికెన్ కలిపి పెట్టండి. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూర పెట్టకండి.

5. భయపడేవాళ్లతో ముందే మాట్లాడండి. చిన్నపిల్లలున్న ఇంటివాళ్ల టెన్షన్ నిజమైనదే. వాళ్ల గేటుకు దూరంగా చోటు చూడండి.

6. కోలుకున్నాక దాని వీధికే. ముందు రేబిస్ టీకా, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించండి. ఆపరేషన్ తర్వాత పట్టుకున్న చోటే వదలాలని 2023 నాటి ఏబీసీ (జంతు జనన నియంత్రణ) నిబంధనలు చెబుతున్నాయి. కొత్త చోట వదిలితే అక్కడి కుక్కలు మీదపడతాయి. సొంత వీధిలోనైనా మొదటి సాయంత్రం, మిగతా కుక్కలు వాసన చూసి ఊరుకునేదాకా ఇద్దరు దగ్గరే నిలబడండి.